వలచింపు కింది ఓడ

పొగాకు కంపెనీ మెట్లు ఎక్కేముందు రెబ్కా చేతిసంచీలో చెయ్యి పెట్టి అగ్గిపెట్టె ఉందో లేదో మరోసారి తడిమి చూసుకుంది. ఉంది. బ్రాడీపేటలో ఆమె ఎక్కుతున్న ఆరో ఆఫీసు అది. అంతకుముందు వారం ఒక నూలుమిల్లు యజమాని ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, "సముద్రంలో పత్తి పండదు గదమ్మా, మాకెందుకిదంతా?" అని కాఫీ ఇప్పించి పంపేశాడు. ఎరువుల కంపెనీవాళ్లు కాఫీ కూడా ఇప్పించలేదు.

రెబ్కా గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర పాఠం చెబుతుంది. వయసు నలభై ఒకటి. పుట్టి పెరిగింది నిజాంపట్నంలో. తండ్రి మరియదాసు అక్కడి మిషన్ బడిలో పంతులుగా చేసి, చేస్తూనే పోయాడు. ఆ ఊరి రేవు నుంచి మరపడవ మీద రెండు గంటలు పోతే, చేపలు పట్టేవాళ్లు 'వలచింపు' అని పిలిచే చోటు ఒకటుంది. అక్కడ వేసిన వల చిరగకుండా పైకి రాదు. ఎందుకు చిరుగుతుందో వాళ్ల తాతలకీ తెలియదు. మద్రాసులో పాత రికార్డులు తిరగేస్తున్నప్పుడు రెబ్కా కంట ఒక ఉత్తరం పడింది. మూడొందల ఏళ్ల కిందట నిజాంపట్నంలో అద్దకం బట్టలు ఎక్కించుకుని బయల్దేరిన డచ్చివాళ్ల ఓడ ఒకటి, ఒడ్డు కనబడుతుండగానే తుఫానుకి బోర్లాపడి, తొంభైమందితో సహా మునిగిపోయిందట. ఉత్తరంలో రాసిన దూరమూ దిక్కూ వలచింపుకే సరిపోయాయి.

పోయిన వర్షాకాలం అయిపోయాక, పొన్నూరులో ఉండే పాత నేవీ డైవరు జాన్ బాషా రెబ్కా కోసం ఒకసారి అక్కడ దిగి, ఓడ వాసాలను చేత్తో తాకి వచ్చాడు. కానీ కొత్తగా వచ్చిన పెద్ద ట్రాలర్లు ఇనప పలకలు కట్టిన వలలతో సముద్రం అడుగంతా గీకేస్తున్నాయి. ఇంకో నాలుగైదేళ్లు పోతే అక్కడ కొలవడానికి ఏమీ మిగలదు. రెబ్కాకి నిద్ర పట్టనివ్వని సంగతి అదే.

కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు జయరావు యాభై దాటిన మనిషి, సఫారీ సూటు, చేతికి బంగారు గొలుసు గడియారం. ఆమె అగ్గిపెట్టె తెరిచి దూదిలో ఉన్నదాన్ని ఆయన ముందు పెట్టింది.

"ఏంటిది, సుద్దముక్కా?"

"పొగతాగే గొట్టం సార్. తెల్లమట్టితో చేసింది. మూడొందల ఏళ్ల నాటిది. ఆ ఓడ దగ్గర వలలో పడింది."

జయరావు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వాసన చూశాడు. పొగాకు వ్యాపారి కదా, చెయ్యి దానంతటదే ముక్కు దగ్గరికి పోయింది.

"ఆ ఓడలో బంగారం ఉందా?"

"లేదు సార్." ఐదు ఆఫీసుల్లో చెప్పిన జవాబే ఆరోసారి చెప్పింది. "ఉన్నా తియ్యడానికి మాకు అధికారం లేదు. పురావస్తు శాఖ చూడ్డానికి మాత్రమే అనుమతిచ్చింది. కొలతలు తీసుకుని, ఫోటోలు తీసి, పటం గీస్తాం. అంతే."

"మరి కంపెనీకి ఏం ఒరుగుతుంది?"

"పేరు వస్తుంది సార్."

జయరావు నవ్వి అగ్గిపెట్టె మూసి ఆమె వైపు తోశాడు. తోసినవాడు, చెయ్యి దానిమీద నుంచి తియ్యకుండా ఆగిపోయాడు. "డచ్చివాళ్ల ఓడన్నారు కదూ?"

"అవునండి."

"ఫిబ్రవరి ఇరవైన మా హాలెండు బయ్యరు గుంటూరు వస్తున్నాడు. మూడేళ్లుగా అతన్ని పట్టుకోవాలని చూస్తున్నా. వేలంపాటలు వచ్చాక ఇక్కడ పొగాకు ఎవరి దగ్గరైనా ఒకటే. మనిషిని కట్టిపడెయ్యాలంటే ఇంకేదన్నా ఉండాలి." ఆయన కళ్లలో వెలుగు వచ్చింది. "అతన్ని అక్కడికి తీసుకెళ్దాం. అతని ముందు మీవాడు దిగాలి. అది చూశాక మీకు కావలసిన గాలి సిలిండర్లు, గాలినింపే మిషను, ఇరవై రోజుల పడవ ఖర్చు, అన్నీ కంపెనీవే. ఉత్తరం టైపు చేయించి ఉంచుతా. సంతకం ఆ సాయంత్రమే."

రెబ్కా మెట్లు దిగి ఆటో ఎక్కేదాకా సంతోషంతో ఉంది. ఆటో శంకర్ విలాస్ మలుపు తిరిగేసరికి ఆమెకు అసలు సంగతి తట్టింది. సిలిండర్లు ఇచ్చేది దిగాక. దిగేది సిలిండర్లు లేకుండా.

మర్నాడు ప్రత్తిపాడు దగ్గర ఒక మిరపతోటలో బాషా దొరికాడు. కల్లం మీద కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, గాలంతా ఘాటు. అతను బావిలోంచి మోటారు పైకి తీయించి, తడిబట్టలతో గట్టున కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. జాన్ బాషా పన్నెండేళ్లు విశాఖపట్నంలో నేవీ డైవరుగా పనిచేశాడు. తండ్రి పోతే ఇల్లు చూసుకోడానికి పొన్నూరు వచ్చేసి, ఇప్పుడు బావుల్లో పడిన మోటార్లు తీస్తాడు. పోలీసులు పిలిస్తే కాలవల్లోంచి శవాలు తీస్తాడు.

అంతా విని అతను అన్నాడు: "పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది మేడమ్. సిలిండర్లు లేవు కాబట్టి ఈ బావుల్లో వాడే సరంజామాతోనే దిగాలి. మా మాబు పంక్చరు షాపు కంప్రెసరు, దాని గొట్టం. బావిలో నాలుగు బారలకి అది చాలు. అక్కడ ఎనిమిది బారలు."

"పోయినసారి దానితోనే కదా దిగారు?"

"ఐదు నిమిషాలు. నీళ్లు తేటగా ఉన్నాయి, పక్కన వేరే పడవ లేదు."

"వద్దంటే మానేద్దాం బాషా గారూ."

అతను బీడీ నేలకేసి నలిపాడు. "పోయిన నెల కాలవలోంచి ఒక పిల్లను తీశాను మేడమ్. పదహారేళ్లుంటాయి. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం తినలేదు. నేను నేర్చుకున్న విద్య ఇందుక్కాదు కదా అనిపిస్తుంటుంది." తడిచొక్కా పిండుకుంటూ, "పది నిమిషాలు. అంతకంటే ఒక్క నిమిషం ఉండను. అట్లాగైతే సరే," అన్నాడు.

అతని భార్య మదార్‌బీకి చెప్పడానికి రెబ్కాయే పొన్నూరు వెళ్లింది. మదార్‌బీ టీ గ్లాసు ఇచ్చి ఎదురుగా నిలబడింది, కూర్చోలేదు.

"టీచరమ్మా, మీరు పైన పడవలో ఉంటారు. ఆయన కింద ఉంటాడు. ఆ తేడా ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు."

"తాడు నా చేతిలోనే ఉంటుంది మదార్‌బీ."

"అందుకే మీకు చెబుతున్నా."

పందొమ్మిదో తేదీ సాయంత్రం నిజాంపట్నంలో, మర్నాటి ప్రయాణానికి అన్నీ సర్దుతుండగా జయరావు కారు వచ్చి ఆగింది. ఆయన రెబ్కాను ఇసకలోకి పక్కకు పిలిచాడు.

"ఒక చిన్న మాట. మీవాడు దిగి, ఉత్త చేతుల్తో పైకొస్తే ఏం బాగుంటుంది? ఏదన్నా ఒకటి తేవాలి. మట్టిపెంకైనా సరే. మా గెస్టు చేతిలో పెట్టి ఫోటో తీయిస్తా. మీ దేశంవాళ్ల వస్తువు, మా సముద్రం ఇచ్చిన కానుక అని."

"తియ్యడానికి వీల్లేదని చెప్పాను కద సార్."

"ఎవరికి తెలుస్తుందండీ? ఓడంతా తవ్వమంటున్నానా?" ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించాడు. కంపెనీ అచ్చుకాగితం, టైపు చేసిన ఉత్తరం, కింద సంతకానికి ఖాళీ. "రేపు సాయంత్రం మీ చేతిలో ఉంటుంది ఇది. ఆలోచించుకోండి."

రెబ్కా కాదనలేదు. అవుననీ అనలేదు. కారు వెళ్లాక అక్కడే చాలాసేపు నిలబడింది. ఆరు ఆఫీసులు, రెండేళ్ల తిరుగుడు, ఇనప పలకలతో గీకుతున్న ట్రాలర్లు, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఒక్క పెంకు. ఒక్కటంటే ఒక్కటి.

కంప్రెసరు బెల్టు సరిచూస్తున్న బాషా దగ్గరకు వెళ్లి, అతని మొహంలోకి చూడకుండా అంది: "చేతికందేట్టు ఏదన్నా విడిగా పడి ఉంటే... ఒకటి తీసుకురండి."

బాషా తల ఎత్తి చూశాడు. "తియ్యకూడదన్నారు గదా?"

"ఒక్కటే."

అతను మళ్లీ బెల్టు మీదికి వంగాడు. "సరే మేడమ్."

ఇరవయ్యో తేదీ తెల్లారి గాలి పెద్దగా లేదు. బుల్లయ్య మరపడవ ముందు బయల్దేరింది. బుల్లయ్యకి అరవై దగ్గర పడ్డాయి. రెబ్కా తండ్రి దగ్గర అక్షరాలు దిద్దినవాడు. ఒడ్డున తాటితోపుని ఒక కొసకి, మసీదు మినారుని ఇంకో కొసకి తెచ్చుకుని, దిక్సూచీ అక్కర్లేకుండా వలచింపు మీదికి పడవను తెచ్చి లంగరు వేశాడు. పడవలో అతను, రెబ్కా, బాషా, కంప్రెసరు చూసుకోడానికి మాబు. వెనక జయరావు మాట్లాడుకున్న పెద్ద ట్రాలరు వచ్చి దూరంగా ఆగింది. అందులో జయరావు, ఫోటోగ్రాఫరు, తెల్లటోపీ పెట్టుకున్న హాలెండు అతిథి ఉన్నారు. అతిథి అప్పటికే రెండు చేతులా కడ్డీ పట్టుకుని సముద్రంలోకి వాంతి చేసుకుంటున్నాడు.

బుల్లయ్య ఎర్రగుడ్డ కట్టిన గెడని పడవలో నిలబెట్టి, ఆ ట్రాలరువాళ్లకి వినపడేలా అరిచాడు. "ఈ గుడ్డ దింపేదాకా ఎవరూ దగ్గరికి రాబాకండి! మనిషి కింద ఉంటాడు!"

బాషా నడుముకి తాడు కట్టుకుని రెండో కొస రెబ్కా చేతిలో పెట్టాడు. ముందురోజు చెప్పిందే మళ్లీ చెప్పాడు. "ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లయితే గొట్టం వదలమని. మూడుసార్లు లాగితే వస్తున్నానని. అసలు సంగతి ఇంకోటి మేడమ్. నేను లాగకుండా మీరు లాగబాకండి. తాడు బిగిసిందంటే నేను పాత వలల్లో చిక్కుకున్నానని లెక్క. పైనుంచి లాగితే ముడి ఇంకా బిగుస్తుంది. నా దగ్గర కత్తి ఉంది. కోసుకోడానికి నాకు సందు కావాలి. ఎవరేం చెప్పినా లాగబాకండి."

"సరే."

అతను గొట్టం కొస నోట కరుచుకుని, పడవ అంచు మీంచి వెనక్కి వాలి నీళ్లలో పడ్డాడు.

మాబు కంప్రెసరు పక్కన కూర్చుని దాని ముల్లు చూస్తున్నాడు. రెబ్కా చేతిగడియారం చూస్తూ తాడు వదులుతోంది. ఆరు బారలు, ఏడు, ఎనిమిది. తాడు ఆగింది. ఒక లాగు. మూడో నిమిషంలో ఒక లాగు. ఐదో నిమిషంలో రెండు లాగులు, గొట్టం వదిలింది. ఏడో నిమిషంలో ఒకటి. తొమ్మిదో నిమిషంలో మూడు లాగుల కోసం చూసింది. పది. పదకొండు. తాడు కదులుతోంది గాని పైకి వస్తున్నట్టు లేదు, పక్కకు జరుగుతోంది.

వెతుకుతున్నాడు, అనుకుంది రెబ్కా. నేను తెమ్మన్నదాని కోసం వెతుకుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ట్రాలరు కదిలింది. ఫోటోగ్రాఫరుకి దూరం ఎక్కువైందో ఏమో, అది చుట్టుతిరిగి వాళ్ల పడవ మీదికే వస్తోంది. జయరావు ముందుభాగాన నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"ఆపండ్రోయ్! మనిషున్నాడు కింద! ఇంజనాపండి!" బుల్లయ్య గెడ పెరికి ఊపుతూ అరిచాడు. ఇంజను చప్పుడులో ఆ అరుపు వాళ్లకి వినపడలేదు. రెబ్కా కూడా గొంతు చించుకుంది. ట్రాలరు ముప్పై గజాల్లోకి వచ్చాకగాని దాన్ని నడిపే సరంగుకి సంగతి అర్థం కాలేదు. ఒక్కసారిగా పక్కకు తిప్పి ఇంజను ఆపాడు. ట్రాలరు అడుగు పంకా గాలిగొట్టాన్ని తాకలేదు. కానీ అది లేపిన అల వచ్చి పడవని కొట్టింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. కంప్రెసరు పీటతో సహా జారి పడవ అంచుకి గుద్దుకుంది. బెల్టు ఊడిపోయింది.

కంప్రెసరు ఇంజను మాత్రం ఉత్తినే తిరుగుతోంది.

"గాలి పోవట్లేదు!" మాబు కేక పెట్టాడు. "ట్యాంకులో ఉన్నదే. రెండు నిమిషాలకొస్తుంది, మహా అయితే మూడు." అతను ఇంజను ఆపి, బెల్టు ఎక్కించాలని చూస్తుంటే అది మళ్లీ మళ్లీ జారిపోతోంది.

రెబ్కా తాడుని ఒకసారి మెల్లగా కదిపింది. బాగున్నావా అని అడగడం అది. జవాబు లేదు. మళ్లీ కదిపింది. తాడు రాయికి కట్టినట్టు బిర్రుగా ఉంది.

చిక్కుకున్నాడు.

ట్రాలరు నెమ్మదిగా వచ్చి ఆనుకుంది. జయరావు మొహం పాలిపోయి ఉంది. ట్రాలరు పనివాళ్లిద్దరితో కలిసి పడవలోకి దూకాడు. "లాగండి! ఏం చూస్తున్నారు, లాగండి! చచ్చిపోతాడు!"

"లాగకూడదు."

"మతిపోయిందా మీకు? ఒరేయ్, పట్టండ్రా తాడు!"

ఇద్దరూ ముందుకొచ్చి తాడు మీద చెయ్యి వేశారు. రెబ్కా తాడుని ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుని పడవ అడుగున చతికిలబడింది. పక్కనే చేపలు కోసే కత్తి ఉంది. రెండో చేత్తో అది అందుకుంది.

"లాగారంటే ఈ తాడు ఇక్కడే తెగ్గోస్తాను. లాగితే ముడి బిగుస్తుంది. అతనే చెప్పాడు. వదలండి!"

వాళ్లు వదిలారు. ఆమె మొహం చూసి వదిలారో, కత్తి చూసి వదిలారో తెలియదు. ఆమె తాడు లాగడానికి బదులు ఒక బారెడు వదులు చేసి నీళ్లలోకి జారవిడిచింది. అతనికి సందు కావాలి. అతను చెప్పింది తప్పయితే? లేక ఇప్పటికే కత్తి చేతిలోంచి జారిపోయి ఉంటే? వీళ్లు లాగితే వస్తాడేమో, తను ఆపి చంపుతోందేమో. మదార్‌బీ నిలబడి టీ ఇచ్చిన తీరు గుర్తొచ్చింది.

"ముల్లు సున్నాకి వచ్చేసింది," అన్నాడు మాబు ఏడుపుగొంతుతో.

బుల్లయ్య చొక్కా విప్పి గెడ పక్కన పడేశాడు. "నేను దిగుతానమ్మా. తాడు పట్టుకుని పోతా."

"ఎనిమిది బారలు బాబాయ్. నీ వల్ల కాదు."

"కాకపోతే పోతా." అతను పడవ అంచు మీద కాలు పెట్టాడు.

అప్పుడు రెబ్కా చేతిలో తాడు వదులైంది. బిగువంతా ఒక్కసారే పోయి, పీచులా తేలింది. ఆమె ఒక మూర లాగి చూసింది. బరువు లేదు. అవతలి కొసన మనిషి లేడు.

ట్రాలరు మీద అతిథి మూలుగు తప్ప ఏ చప్పుడూ లేదు.

"అదుగో!" అన్నాడు మాబు.

ఇరవై గజాల అవతల నీళ్లు తెల్లగా బుసబుసమని పొంగాయి. ఆ బుడగల మధ్యలోంచి బాషా తల పైకి వచ్చింది. నోరు తెరిచి గాలి పీల్చిన చప్పుడు అంత దూరానికీ వినిపించింది. బుల్లయ్య అప్పటికే నీళ్లలో దూకి అటే ఈదుతున్నాడు.

బాషాను పైకి లాగినవాళ్లలో జయరావు కూడా ఉన్నాడు. సఫారీ సూటు తడిసిపోయినా చూసుకోలేదు. పడవలో ఉన్న తువ్వాలు తీసి అతని చుట్టూ కప్పింది ఆయనే. బాషా ముక్కులోంచి రక్తం కారుతోంది, ఎడమ చెవిలోంచి కూడా. కాసేపు దగ్గి, వాంతి చేసుకుని, కళ్లు తెరిచి రెబ్కాను వెతికాడు.

"లాగలేదు కదూ," అన్నాడు. "వల కాలికీ, నడుముకీ చుట్టుకుంది. రెండు చోట్ల కోశాను. ఆఖరికి తాడు కూడా కోసేశా. మీరు వదులు చేశారే, అప్పుడే చెయ్యి దూరింది."

ఆమె తల ఊపింది.

అతను నడుముకి కట్టుకున్న చిన్న వలసంచీ విప్పాడు. అందులోంచి చెంచా ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. సీసం రంగులో ఉంది. గుండ్రటి నోరు, వంగిన కాడ. కాడ మీద ఎవరో కత్తిమొనతో గీసుకున్న రెండక్షరాలు. ఎవరో ఒకతను తన చెంచా పక్కవాడి చెంచాతో కలిసిపోకుండా పెట్టుకున్న గుర్తు. రెబ్కా మూడొందల ఏళ్లనాటి ఆ తొంభైమందినీ కాగితాల్లో అంకెగానే చదివింది. అందులో ఒకడు ఇప్పుడు ఆమె అరచేతిలో ఉన్నాడు.

జయరావు చెయ్యి చాపాడు. "అది ఇలా ఇవ్వండి." గొంతు మెత్తగానే ఉంది. "ఇంత జరిగాక ఉత్త చేతుల్తో పోలేం కదా. ఒక్క ఫోటో."

"ఇవ్వను సార్. దీన్ని కలెక్టరుకి అప్పజెప్పాలి."

"నిన్న ఒప్పుకున్నారు కదండీ!"

"నిన్న కాదనకపోవడం నా తప్పు. ఆ తప్పుకి ఇతను చచ్చిపోబోయాడు."

"ఎవరి డబ్బుతో ఆడుతున్నారండీ ఈ ఆటలు?"

"మీది ఇంకా ఒక్క రూపాయి రాలేదు సార్."

జయరావు చాపిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంచి, తర్వాత వెనక్కి తీసుకున్నాడు. ట్రాలరు ఎక్కి అతిథి పక్కకు వెళ్లి ఏదో చెప్పాడు. అతిథి తల కూడా ఎత్తలేదు. ఒడ్డుకి, ఒడ్డుకి అని మాత్రం చేత్తో సైగ చేశాడు.

సంతకం లేని ఉత్తరం జయరావు జేబులోనే గుంటూరు వెళ్లిపోయింది.

బాషాను ఆ మధ్యాహ్నమే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఊపిరితిత్తులకి ఏమీ కాలేదన్నారు. ఎడమ చెవి కర్ణభేరి చిరిగిందన్నారు. ఇక లోతు నీళ్లు వద్దన్నారు. వార్డు బయట బెంచీ మీద మదార్‌బీ కూర్చుని ఉంది. రెబ్కా వెళ్లి పక్కన కూర్చుంది.

"పది నిమిషాల్లో వచ్చేసేవాడు మదార్‌బీ. నేనే ఏదన్నా ఒకటి తెమ్మన్నా. అందుకే ఉండిపోయాడు."

మదార్‌బీ ఆమె వైపు తిరగలేదు. "ఆయన ఆ మాట నాకు చెప్పలేదు. చెప్పడు కూడా. మీరు చెబుతారా లేదా అనే చూస్తున్నా." కొంగు సర్దుకుని, "తాడు లాగనివ్వలేదంటగా. మాబు చెప్పాడు," అంది. లేచి లోపలికి పోయింది.

రెబ్కా ఆ వారంలోనే పురావస్తు శాఖకు ఉత్తరం రాసింది. అనుమతి లేకుండా వస్తువు తీయించింది తనేనని, మిగతావాళ్లకు దాంతో సంబంధం లేదని రాసి, చెంచాను కలెక్టరాఫీసులో అప్పజెప్పి రసీదు తీసుకుంది. శాఖవాళ్లు సంజాయిషీ అడిగారు. అనుమతి ఏడాదిపాటు ఆపేశారు. కాలేజీలో ప్రిన్సిపాల్ పిలిచి, ఇక ఈ సముద్రాలూ పడవలూ చాలించమంది. చాలిస్తానని రెబ్కా అనలేదు.

ఆ డిసెంబరులో ఆమె మళ్లీ బయల్దేరింది. చిలకలూరిపేట రోడ్డులో మిరపకాయల కోల్డ్‌స్టోరేజీ నడిపే పుల్లమ్మ దగ్గరకు వెళ్లింది. పుల్లమ్మ మొగుడు పోయిన దగ్గర్నుంచీ పన్నెండేళ్లుగా ఒంటిచేత్తో ఆ వ్యాపారం చేస్తోంది. ఎవరేమన్నా చెరపని పెద్ద కుంకుమబొట్టు, గరుకు గొంతు. మిరపబస్తాల టిక్కీలు దించుతున్న హమాలీలను కేకలేస్తూనే కుర్చీ చూపించింది.

ఈసారి రెబ్కా అగ్గిపెట్టె తియ్యలేదు. "ముందే చెబుతానండీ. మీ చేతికి ఏమీ రాదు. బంగారం లేదు. ఉన్నా తియ్యం. పోయిన ఫిబ్రవరిలో నేను మాట తప్పి ఒక వస్తువు తీయించబోతే ఒక మనిషి చచ్చిపోబోయాడు. ఇవన్నీ విన్నాక కూడా వింటానంటే మిగతాది చెబుతా."

పుల్లమ్మ హమాలీల మీదనుంచి చూపు మరల్చింది. "ఆ మనిషి బతికాడా?"

శాఖవాళ్లు గాని, కాలేజీవాళ్లు గాని, ఇన్ని నెలల్లో ఎవరూ రెబ్కాని ఆ ప్రశ్న అడగలేదు. "బతికాడండి. ఒక చెవి పోయింది."

"ఏం పని చేస్తున్నాడిప్పుడు?"

"లోతు లేని బావుల్లో మోటార్లు తీస్తున్నాడు."

"చెప్పు," అంది పుల్లమ్మ. "మొదట్నుంచీ చెప్పు. తొందరేం లేదు. ఒరేయ్, ఇద్దరికి టీ తెప్పించండ్రా."

పుల్లమ్మ గంటన్నర విన్నది. మధ్యలో ఓడ గురించి రెండు ప్రశ్నలు అడిగింది, సిలిండర్ల గురించి పది అడిగింది. అది ఎన్ని నిమిషాలకొస్తుంది, చెడితే రెండోది ఉంటుందా, పైన ఎవరు చూస్తారు, పక్కకి వేరే పడవ రాకుండా ఏం చేస్తారు. చివర్న, "దిగేవాళ్లని పైనుంచి చూసుకునే పని ఆ బాషాకే ఇచ్చి, జీతం కట్టే పనైతే సిలిండర్ల సంగతి నేను చూస్తా. నా పేరు ఎక్కడా రాయబాకండి. ఆడది సముద్రంలో డబ్బు పోసిందని మిర్చి యార్డులో నవ్వుతారు," అంది.

శాఖవాళ్లు ఆపిన అనుమతి గడువు తీరాక మళ్లీ ఇచ్చారు, ఈసారి తమ మనిషినొకణ్ణి వెంట పంపారు. బాషా విశాఖపట్నం వెళ్లి, తనతో పనిచేసి రిటైరైన ఇద్దరు డైవర్లను ఒప్పించి తెచ్చాడు. మార్చి మొదటివారంలో, ఎండ బాగా ఎక్కకముందే బుల్లయ్య పడవ వలచింపు మీద లంగరు వేసింది. చుట్టూ నాలుగు పడవలు ఎర్రగుడ్డలు కట్టుకుని కాపలా నిలబడ్డాయి. ఆ ఇద్దరూ కొత్త సిలిండర్లు వీపుకి తగిలించుకుని దిగారు. తాడు బాషా చేతిలో ఉంది. కుడిచెవి నీళ్లవైపు తిప్పి కూర్చున్నాడు.

రెబ్కా కాగితం బిగించిన పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు భయం వేస్తూనే ఉంది. ప్రతి లాగుకీ బాషా మొహం చూస్తోంది. పన్నెండో నిమిషంలో డైవర్లిద్దరూ పైకి వచ్చి పడవ అంచు పట్టుకున్నారు. ఒకతను నోట్లోని గొట్టం తీసి, రొప్పుతూ చెప్పాడు.

"నడిమి దూలం, ఈ కొస నుంచి కనబడినంత మేర, యాభై ఏడడుగులు. అవతలి కొస ఇంకా ఇసకలోనే ఉంది."

రెబ్కా పెన్సిలు నాలికమీద తడుపుకుని అంకె వేసింది. పడవ ఊగి ఏడు వంకరగా పడింది. చెరిపి మళ్లీ రాసింది.